తుంటి ఆపరేషన్ అయిన ఇంటికి యూరిన్ పైపు, సంచి, గాలి పరుపు: ఏది కొనాలి, ఏది అక్కర్లేదు

డెబ్బై దాటిన మనిషి బాత్‌రూంలో జారిపడి తుంటి ఎముక విరిగితే, ఆపరేషన్ చేసి కొద్ది రోజుల్లోనే ఇంటికి పంపేస్తారు. డిశ్చార్జి కాగితాలతో పాటు ఒక చీటీ చేతిలో పెడతారు: ఎయిర్ బెడ్, వాకర్, యూరిన్ బ్యాగులు, డైపర్లు. ఇంట్లోవాళ్లు ఆ చీటీ పట్టుకుని హాస్పిటల్ ఎదురుగా ఉన్న మెడికల్ షాపుకు వెళ్లి, వాళ్లు ఇచ్చినవన్నీ ఆటోలో వేసుకొస్తారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. ఎముక కోసం కొన్న సామాను, మూత్రం కోసం కొన్న సామాను ఒకే మంచం మీద చేరతాయి. పొత్తు కుదరకపోతే ఒకదాన్నొకటి చెడగొడతాయి. గాలి పరుపు మరీ మెత్తగా ఉంటే మనిషి దాని మీంచి లేవలేడు. లేవలేడు కాబట్టి పైపు తీయరు. పైపు ఉంది కదా అని మంచం దింపరు. అలా నెల గడిస్తే కాళ్లలో బలం పోతుంది, మూత్రంలో ఇన్ఫెక్షన్, నడుం కింద పుండు మిగులుతాయి.

అందుకే ఈ సమీక్షలో ప్రతి వస్తువునూ ఒకే కొలతతో చూశాం: మనిషిని మంచం దింపడానికి అది ఎంత సాయం చేస్తుంది, ఎంత అడ్డుపడుతుంది? కంపెనీల పేర్లు ఇవ్వడం లేదు. ఒకే కంపెనీ మంచి సంచీ చేస్తుంది, నాసిరకం సంచీ చేస్తుంది. చూడాల్సింది పేరును కాదు, భాగాలను.

ముందు అడగాల్సిన ప్రశ్న: అసలు పైపు ఎందుకుంది? తుంటి ఆపరేషన్ కోసం వేసిన పైపును మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తీసేయాలి. పైపుతోనే ఇంటికి పంపుతుంటే కారణం అడిగి రాయించుకోండి. మూత్రం ఆగిపోయి ఉంచారా, లేక లేవలేరు కదా అని ఉంచారా? మూత్రం ఆగడానికి మగవాళ్లలో ప్రోస్టేట్ ఒక కారణం. గట్టిపడిన మలం, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు ఆడామగా ఇద్దరిలోనూ కారణాలే. అలాంటప్పుడు మలబద్ధకం తగ్గించి, మందులు డాక్టరు సరిచేశాక మళ్లీ ఏ తేదీన పైపు తీసి చూస్తారో ముందే తెలుసుకోవాలి. లేవలేరని మాత్రమే ఉంచితే, పైపు తీయించి ఆ డబ్బుతో కమోడ్ కుర్చీ కొనండి. పైపు ఉన్న ఒక్కో రోజుకు మూత్రంలో సూక్ష్మజీవులు చేరే అవకాశం 3 నుంచి 7 శాతం చొప్పున పెరుగుతుంది. నెల నాటికి దాదాపు అందరిలోనూ అవి ఉంటాయి. ఎంత ఖరీదైన పైపు వేసినా ఈ లెక్క పెద్దగా మారదు.

తీసే ముందు పైపును గంటల తరబడి కట్టి, వదిలి, మళ్లీ కట్టి "అలవాటు" చేయడం ఇంకా చాలాచోట్ల ఉంది. దానివల్ల లాభం లేదు. కట్టి మర్చిపోతే మూత్రాశయం సాగిపోతుంది. నేరుగా తీసేసి, 6 గంటల్లోపు మూత్రం పోశారా, ఎంత పోశారు అన్నది కొలవడమే సరైన పద్ధతి. పోయలేక పొత్తికడుపు ఉబ్బితే ఇంట్లో ఎదురుచూడకూడదు.

పైపు ఉండక తప్పదనుకుందాం. షాపులో రెండు రకాల ఫోలీ పైపులు (మొన దగ్గరి చిన్న బెలూన్‌ను నీటితో ఉబ్బిస్తే మూత్రాశయంలో నిలిచే పైపులు) ఉంటాయి. పసుపు గోధుమ రంగులో, లోపలిది కనపడనిది లేటెక్స్, అంటే రబ్బరు. దాని పైన సిలికాన్ పూత ఉన్నా అది లేటెక్సే. అద్దంలా పారదర్శకంగా ఉండేది పూర్తి సిలికాన్. దాని ధర లేటెక్స్‌కు కొన్ని రెట్లుంటుంది. ఎమ్మార్పీకీ అసలు అమ్మే ధరకూ చాలా తేడా ఉండే సరుకు ఇది, అడిగితే తగ్గిస్తారు. ఒకటి రెండు వారాల్లో తీసేసే పైపుకు లేటెక్స్ చాలు. ఎక్కువ రోజులు ఉంచాల్సిన వాళ్లకు సిలికానే కొనాలి. గోడ పలచన కాబట్టి అదే సైజులో లోపలి దారి వెడల్పుగా ఉంటుంది, తొందరగా పూడదు, లేటెక్స్ పడని వాళ్లకు దద్దుర్లు రావు. తయారీదారు 12 వారాల దాకా రాసినా అది గరిష్ఠం మాత్రమే. కొందరిలో మూడు వారాలకే సున్నంలా పేరుకుని మూసుకుపోతుంది. ప్రోటియస్ లాంటి బ్యాక్టీరియా యూరియాను విరగ్గొట్టి అమ్మోనియా చేస్తుంది. దాంతో మూత్రం క్షారగుణానికి తిరిగి లవణాలు స్ఫటికాలుగా గడ్డకడతాయి. అలా పూడే మనిషికి మార్చే తేదీలు రాసిపెట్టుకుని, పూడే రోజు కన్నా కొంచెం ముందే మార్పించాలి.

సిలికాన్‌కు రెండు లోపాలున్నాయి. బెలూన్‌లోని నీరు గోడల గుండా నెమ్మదిగా ఇంకిపోతుంది, అప్పుడు పైపు జారి బయటికి రావచ్చు. తీసేటప్పుడు సిరంజితో బలంగా లాగితే బెలూన్ ముడతలు పడి అంచులా నిలబడి లోపల గీరుతుంది. సిరంజి తగిలించి వదిలేస్తే నీరు దానంతటదే వస్తుంది, ఓపిక పట్టాలి. నీరు రాకపోతే కత్తెరతో పైపు కోయడం లాంటివి చేయకుండా హాస్పిటల్‌కు తీసుకెళ్లాలి.

సైజు దగ్గర షాపువాళ్ల మాట వినకండి. ప్యాకెట్ మీద ఎఫ్ఆర్, ఎఫ్‌జీ, సీహెచ్ అని ఏది రాసినా కొలత ఒకటే. పారిస్‌లో శస్త్రచికిత్స పరికరాలు తయారుచేసిన షారియెర్ పేరు మీద వచ్చిన కొలత అది. ఇందులో 3 నంబర్లు కలిస్తే ఒక మిల్లీమీటరు లావు, అంటే 16 నంబరు పైపు లావు సుమారు 5.3 మి.మీ. ఆడవాళ్లకు 12 లేదా 14, మగవాళ్లకు 14 లేదా 16 సరిపోతుంది. బెలూన్ నింపే చోట ఉండే రంగు చూసి కూడా పోల్చుకోవచ్చు: 12 తెలుపు, 14 ఆకుపచ్చ, 16 నారింజ, 18 ఎరుపు. పైపు పక్క నుంచి మూత్రం కారుతోందని 18, 20 వేయించడం మనవాళ్లు తరచూ చేసే పొరపాటు. కారడానికి కారణం సన్నపు పైపు కాదు. మలబద్ధకమో, పైపు మడతపడటమో, పూడిపోవడమో, మూత్రాశయం బిగుసుకోవడమో అయ్యుంటుంది. లావు పైపు మూత్రాశయాన్ని ఇంకా రేపుతుంది, కారడం పెరుగుతుంది.

బెలూన్‌లో స్టెరైల్ నీరే నింపాలి. సెలైన్ నింపితే ఉప్పు గడ్డకట్టి సన్నటి దారి మూసుకుపోతుంది, తీసే రోజు బెలూన్ దిగదు. 10 మి.లీ. అని ముద్రించి ఉంటే 10 నింపాలి. పొదుపు చేసి 5 నింపితే బెలూన్ ఒక పక్కకే ఉబ్బి పైపు మొన గోడకు గుచ్చుకుంటుంది. ఇంటికొచ్చి మార్చే నర్సు మగవాళ్లకు మూత్రం కనిపించాక కూడా పైపును వై ఆకారపు చీలిక దాకా లోపలికి పంపి, ఆ తర్వాతే బెలూన్ నింపాలి. నింపుతుంటే నొప్పి అంటే వెంటనే ఆపాలి, బెలూన్ ఇంకా మూత్రనాళంలోనే ఉందని అర్థం. లేటెక్స్ పైపుకు కొబ్బరినూనె, వాజలిన్ రాయకూడదు, రబ్బరు పాడవుతుంది. లోపలికి పంపడానికి లిగ్నోకైన్ జెల్లీ చాలు. కాకపోతే మగవాళ్లకు జెల్లీ ఎక్కించాక మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగాలి, ఆగకపోతే మత్తు పట్టదు.

సంచి విషయంలో మాత్రం కొంచెం ఎక్కువ ఖర్చు పెట్టమంటాం. 2 లీటర్ల యూరిన్ బ్యాగులు చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి. తేడా మూడు చోట్ల ఉంటుంది. గొట్టం సంచిలోకి దిగే చోట మూత్రం వెనక్కి పోకుండా ఆపే కవాటం మొదటిది. సంచిలో కొంచెం నీళ్లు పోసి తలకిందులు చేస్తే గొట్టంలోకి ఒక్క చుక్క కూడా రాకూడదు. నాలుగు సంచులు తెస్తే ఒకటి ఇలా పరీక్షించి పక్కన పెట్టండి, మిగతావాటి నాణ్యత తెలిసిపోతుంది. కింద ఖాళీ చేసే కొళాయి రెండోది. అడ్డంగా తోసి తెరిచే టీ ఆకారపు కొళాయిలు చవక, కానీ కొన్నాళ్లకు చుక్కలు చుక్కలుగా కారతాయి. వేళ్ల కీళ్లు వాచినవాళ్లు వాటిని తెరవలేరు కూడా. పక్కకు తిప్పే మీట ఉన్న కొళాయి మేలు. మూడోది శాంపిల్ తీసే చోటు. చవక సంచులకు ఇది ఉండదు. అప్పుడు కల్చర్‌కు (బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్షకు) సంచి అడుగు నుంచే మూత్రం పడతారు, అక్కడ నిలవున్న మూత్రంలో పెరిగిన బ్యాక్టీరియా రిపోర్టులో వచ్చి అనవసరంగా యాంటీబయాటిక్ మొదలవుతుంది. సంచి మీద గీతలను కొలతగా నమ్మకండి, ఎంత వచ్చిందో కొలగ్లాసులో పోసి రాయండి. 60 కిలోల మనిషికి గంటకు 30 మి.లీ. తగ్గకుండా రావాలి. నాలుగు గంటలుగా ఏమీ రాకపోతే ముందు మడత చూడండి, తర్వాత పొట్ట నొక్కి చూడండి, అప్పుడు ఫోన్ చేయండి.

గొట్టం పొడవు గురించి ఎవరూ చెప్పరు. మన ఇళ్లలో దివాన్ కాట్లు, చెక్క మంచాలు ఎత్తు తక్కువ, సంచి తగిలించడానికి కడ్డీ ఉండదు. పొడవైన గొట్టం కిందకి వేలాడి ఉచ్చులా పడుతుంది. ఆ ఒంపులో మూత్రం నిలిచి పైనుంచి వచ్చేదాన్ని ఆపేస్తుంది. సంచిలో ఏమీ రాదు, పొట్ట మాత్రం ఉబ్బుతుంది. తక్కువ ఎత్తు మంచానికి పొట్టి గొట్టం ఉన్న సంచి తెచ్చుకుని, మిగిలిన గొట్టాన్ని పక్క మీదే చదునుగా పరిచి అంచుకు క్లిప్పుతో పట్టించండి. సంచిని నేల మీద పెట్టకూడదు. ఎస్ ఆకారపు కొక్కెం దొరక్కపోతే శుభ్రమైన చిన్న బకెట్‌లో, నేలకు తగలకుండా వేలాడదీయండి. మూడింట రెండు వంతులు నిండేసరికి, కనీసం 8 గంటలకోసారి ఖాళీ చేయాలి. నిండిన 2 లీటర్ల సంచి రెండు కిలోలు తూగుతుంది, ఆ బరువు పైపును లాగుతుంది. పైపుకూ సంచికీ మధ్య అతుకును ఊరికే తెరవకండి. మురికి చేరే దారి అదే. ఫిజియోథెరపీకి లేపే ముందు సంచిని పొట్ట మీదో ఒళ్లోనో పెట్టడం మామూలుగా చూస్తాం. మూత్రాశయం కన్నా పైకి ఒక్క నిమిషమైనా ఎత్తకుండా వాకర్ కింది కడ్డీకి తగిలించాలి.

మలబద్ధకం ఉన్న వృద్ధ మహిళల్లో సంచి, గొట్టం ఊదారంగుకు తిరగడం అప్పుడప్పుడు కనిపిస్తుంది. ఆహారంలోని ట్రిప్టోఫాన్ నుంచి పుట్టిన పదార్థాలను బ్యాక్టీరియా నీలం, ఎరుపు రంగులుగా మార్చి ప్లాస్టిక్‌కు అంటిస్తుంది. రంగు చూసి భయపడేవాళ్లే ఎక్కువ. జ్వరం, చలి, పొట్టలో నొప్పి లేకపోతే అది అత్యవసరం కాదు. మలబద్ధకం తగ్గించి, సంచీ పైపూ మార్పించాలి. మూత్రం మబ్బుగా ఉందన్న ఒక్క కారణంతో యాంటీబయాటిక్ కొనడం కూడా తప్పే.

అన్నిటికన్నా చవకైనదీ, ఎవరూ కొననిదీ తొడకు పైపును పట్టించే పట్టీ. వెల్క్రో పట్టీ కానీ, అంటించే క్లిప్పు కానీ దొరుకుతుంది. ఇది లేకపోతే మనిషిని పక్కకు తిప్పిన ప్రతిసారీ పైపు లాగుతుంది, బెలూన్ మూత్రాశయపు మెడను నొక్కుతుంది, రక్తం పడుతుంది. దీన్ని ఆపరేషన్ కాని కాలికే పట్టించాలి. ఆపరేషన్ కాలికి పట్టిస్తే కట్టు తడుస్తుంది, ఆ కాలిని కదిపి వ్యాయామం చేయించేవాళ్లకు పైపు అడ్డు. సంచి కూడా ఆరోగ్యంగా ఉన్న కాలి వైపే ఉండాలి, మంచం దిగేది ఏ వైపో చూసుకుని ఆ వైపుకు గొట్టం దారి ముందే సర్దాలి. మగవాళ్లకు తొడ పైభాగంలో, ఆడవాళ్లకు తొడ లోపలి వైపు, కాలు చాచినా లాగకుండా కొంచెం వదులు ఉంచి పట్టించండి. మైక్రోపోర్ టేపు చుట్టితే చెమటకు రెండో రోజే ఊడుతుంది, ఊడేటప్పుడు పలచటి చర్మాన్ని కూడా లాక్కుపోతుంది.

పైపు చుట్టూ బీటాడిన్ అక్కర్లేదు. రోజుకోసారి సబ్బు నీళ్లతో, శరీరం నుంచి బయటి వైపుకు పైపును తుడవడం చాలు. మగవాళ్లలో ముందు చర్మం వెనక్కి తీసి కడిగితే, తప్పకుండా మళ్లీ ముందుకు జరపాలి. మర్చిపోతే అది బిగుసుకుని వాచి, అర్ధరాత్రి హాస్పిటల్‌కు పరుగెత్తాల్సి వస్తుంది.

లేచి తిరుగుతున్నవాళ్లకు కాలికి కట్టే 500 లేదా 750 మి.లీ. సంచి బాగుంటుంది. అదీ ఆపరేషన్ కాని కాలికే, పట్టీ కింద ఒక వేలు దూరేంత వదులుగా. రాత్రి దాన్ని తీయకుండా, కింది కొళాయికే పెద్ద సంచి గొట్టం తగిలించాలి. మూత్రం ఆగని, పట్టు తప్పిన మగవాళ్లకు కండోమ్ కాథెటర్ (లోపలికి పంపకుండా పైన తొడిగి సంచికి కలిపేది) మంచి ప్రత్యామ్నాయం. మూత్రం బంధించిన వాళ్లకు మాత్రం పనికిరాదు. 25, 30, 35 మి.మీ. సైజుల్లో కొలిచి కొనాలి, రోజుకోసారి మార్చాలి. జారుతోందని చుట్టూ ప్లాస్టర్ గట్టిగా చుడితే రక్తప్రసరణ ఆగుతుంది. పైపు ఉన్నా డైపర్ వేయడం దండగ: పైపు లోపలే మడతపడుతుంది, చర్మం నానుతుంది.

ఇక గాలి పరుపు. బుడగల రకం చవక, గొట్టాల రకం ఖరీదు. రెండిటిలోనూ పంపు ఒక వరుసను ఉబ్బించి ఇంకో వరుసను దించుతూ, సాధారణంగా 10 నిమిషాలకోసారి మారుస్తుంది. సన్నటి మనిషికి, ఎక్కువ భాగం మంచం మీదే ఉండేవాళ్లకు బుడగలది సరిపోతుంది. బరువైన మనిషి దాని మీద మునిగిపోయి చెక్కకు తగులుతారు. పరీక్ష సులువు: నడుం కింద, పరుపు అడుగున అరచెయ్యి దూర్చండి. శరీరం చేతికి తగులుతుంటే పరుపు పని చేయనట్టే. మధ్యలో అంగుళం గాలి ఉండాలి. ఈ పరుపును మామూలు ఫోమ్ పరుపు మీద పరవాలి, కింద కాదు. దాని పైన రబ్బరు షీటు, దుప్పటి, ఇంకో దుప్పటి వేస్తే గాలి మారడం మనిషికి చేరదు. ఒక పలచటి దుప్పటి చాలు. పంపు చిన్న బల్బంత కరెంటే తీసుకుంటుంది, కాబట్టి ఇన్వర్టర్ ప్లగ్‌కే పెట్టండి. కరెంటు పోతే బుడగల పరుపు దిగిపోతుంది.

ఆపరేషన్ అయిన మనిషిని మంచం దించేటప్పుడు గాలి పరుపు పెద్ద అడ్డు. అంచు మీద కూర్చోబెడితే జారుతుంది, కాలు మోపడానికి పట్టు దొరకదు. పరుపును గట్టిగా నిలిపే మీట ఉన్న మోడల్ అయితే, దించే పది నిమిషాల ముందు దాన్ని నొక్కండి. లేకపోతే పంపు మీద మనిషి బరువును బట్టి గాలి సరిచేసే మీటను గరిష్ఠానికి తిప్పండి. మంచం దిగి రోజుకు మూడు నాలుగు సార్లు నడుస్తున్న మనిషికి గాలి పరుపు అక్కర్లేదు, మంచి ఫోమే మేలు. పరుపు ఉంది కదా అని తిప్పడం ఆపకూడదు. రెండు గంటలకోసారి, వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీల వాలుకు తిప్పాలి. కాళ్ల మధ్య దిండు ఉండాలి, ఆపరేషన్ కాలు ఇంకో కాలి మీదికి దాటకూడదు. మడమలను ఏ పరుపూ కాపాడదు. పిక్కల కింద పొడవుగా దిండు పెట్టి మడమలు గాలిలో ఉండేలా చూడండి. పిరుదుల కింద గాలి రింగు, నీళ్లు నింపిన గ్లవ్స్ వద్దు. రింగు అంచే రక్తం అందకుండా చేస్తుంది.

మలవిసర్జనకు స్టీలు బెడ్‌పాన్ కొంటారు. తుంటికి అది ఎత్తు ఎక్కువ, నడుము విల్లులా వంగుతుంది. ఒక చివర పలచగా ఉండే స్లిప్పర్ పాన్ అడగండి, పలచటి వైపును వీపు వైపుకు పెట్టి దూర్చాలి. కానీ అసలు పెట్టుబడి కమోడ్ కుర్చీ మీద పెట్టండి. కూర్చుంటే మోకాలు తుంటి కన్నా పైకి రాకూడదు, తుంటి 90 డిగ్రీలు దాటి వంగకూడదు. మామూలు వెస్టర్న్ కమోడ్ 15, 16 అంగుళాల ఎత్తే ఉంటుంది, చాలామందికి చాలదు. పైన 4 అంగుళాల ఎత్తు సీటు బిగించుకోవచ్చు, అయితే పక్కన మరతో బిగించే పట్టు ఉన్నదే కొనండి. ఊరికే పెట్టే రింగు ఒరిగి మనిషిని మళ్లీ పడేస్తుంది. ఇండియన్ టాయిలెట్ ఉన్న ఇంట్లో దాని మీదే కమోడ్ కుర్చీ పెట్టి వాడొచ్చు. కుర్చీ కాళ్లకు రబ్బరు బుష్‌లు ఉన్నాయా, నాలుగూ ఒకే ఎత్తులో ఉన్నాయా చూడండి. చక్రాల రకమైతే కూర్చోబెట్టే ముందు నాలుగు బ్రేకులూ వేసి ఒకసారి ఊపి చూడాలి.

ప్రోస్టేట్‌కు టామ్సులోసిన్ మొదలుపెట్టినవాళ్లు లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడొచ్చు. కాళ్లు కిందికి వేసి రెండు నిమిషాలు కూర్చున్నాకే వాకర్ పట్టించండి. నొప్పికి డైక్లోఫెనాక్ మాత్రలు సొంతంగా కొనిపెట్టకండి, నీళ్లు సరిగా తాగని వృద్ధుల్లో కిడ్నీలు దెబ్బతింటాయి. వెన్నుపూస దెబ్బతిని కాళ్లు చచ్చుబడిన వాళ్ల ఇంట్లో ఇంకో హెచ్చరిక: ఛాతీ పైభాగం స్థాయిలో కానీ దానికి పైన కానీ దెబ్బ తగిలినవాళ్లకు పైపు పూడితే బీపీ ఒక్కసారిగా ఎగబాకి తల పగిలిపోయేంత నొప్పి వస్తుంది. వెంటనే కూర్చోబెట్టి ముందు పైపు మడత చూడాలి, ఆపైన హాస్పిటల్.

డబ్బు తక్కువుంటే ఈ వరుసలో కొనండి: తొడ పట్టీ, కవాటం సరిగ్గా ఉన్న సంచులు, కమోడ్ కుర్చీ, ఎత్తు సీటు, చివరగా గాలి పరుపు. కమోడ్ కుర్చీ, పరుపు చాలా ఊళ్లలో అద్దెకు దొరుకుతాయి. పరుపు అద్దెకు తెస్తుంటే షాపులోనే నేల మీద పరిపించి, ప్లగ్ పెట్టి అరగంట నడిపించండి. రెండు వరుసలూ మారిమారి ఉబ్బుతున్నాయా, ఎక్కడైనా బుడగ అంటుకుపోయి లేవకుండా ఉందా చూసి, అతుకు వేసే ముక్కలు అడిగి తీసుకుని, అప్పుడు అడ్వాన్సు ఇవ్వండి.